ఏరిన రాళ్లు మళ్లీ కలిపేస్తాను

ముందుగా క్షమాపణ. నా రాతలో ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ప్రత్యక్షమవుతాయి. వాటిని దిద్దే పని పత్రికవారిది కాబట్టి మీ దాకా వచ్చేసరికి నేను పండితురాలిలా కనిపిస్తాను. నిజానికి ఊళ్లో నా వయసువాళ్లు కళ్లజోడు నంబరు మార్చుకుంటున్న రోజుల్లో నేను పలక పట్టాను. ఒక్కో వాక్యానికి ఒక పూట పడుతుంది. మీరు టీ చల్లారేలోపు చదివి పక్కన పడేసే ఈ ముక్క వెనక నా నెల ఉంది. అయినా మీకు చకచకా రాసేసినట్టే కనిపిస్తుంది. కనిపించనివ్వండి. ఇవాళ నేను చెప్పబోయేదీ అదే.

పై వేషం చూసి మోసపోవద్దని పెద్దలు చెబుతుంటారు. నేనంటాను, మోసపోవాలి! తనివితీరా మోసపోవాలి. మనిషిని చూడగానే వాడేం చేస్తున్నాడో, ఏపాటివాడో అక్కడికక్కడే తేల్చేయగలగడం కంటే గొప్ప వరం లోకంలో మరొకటి లేదు.

లోపల ఏముందో చూశాకే నమ్మాలంటే ఏ పనైనా తెములుతుందా? డాక్టరుగారు మన రిపోర్టు చూసి "ఊఁ" అంటారు. ఆ ఊఁతోనే సగం జబ్బు దిగిపోతుంది. ఆ క్షణంలో ఆయన మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచిస్తున్నారని తెలిస్తే ఆ సగం మళ్లీ ఎక్కి కూర్చోదూ? మీటింగులో అందరూ తలలూపుతారు. తలలు ఊగుతున్నాయి కాబట్టి మీటింగు నడుస్తోంది. ఆ తలల్లోకి తొంగిచూస్తే ఒకదాంట్లో నిన్నటి సినిమా, ఒకదాంట్లో గ్యాస్ కట్టేసి వచ్చానా లేదా అన్న దిగులు. తొంగిచూడకపోవడమే మర్యాద.

నా కాపురమే తీసుకోండి. మా ఆయన సాయంత్రాలు కుర్చీలో కూర్చుని, చెంపకి చెయ్యి ఆనించి, నేను చెప్పేదంతా కళ్లార్పకుండా వినేవారు. ఇంత ఓపికగా వినే మొగుడు ఇంకే ఆడదానికీ దొరకలేదని మురిసిపోయేదాన్ని. ఆయన కళ్లు తెరుచుకునే నిద్రపోతారని నాకు చాలా ఏళ్లకి, అదీ ఆడపడుచు చెబితే తెలిసింది.

"అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ అంతే వదినా. స్కూల్లో కూడా ఫస్టు బెంచీలో కూర్చుని అలాగే పడుకునేవాడు. మాస్టారికి వాడంటే ప్రాణం" అంది.

అప్పటికి మా కాపురం ఒడ్డెక్కేసింది. ముందే తెలిసి ఉంటే నట్టేట్లో మునిగేది కదా. ఆయన పోయాక కూడా ఆ కుర్చీతో రెండు మాటలు చెప్పుకుంటూ ఉంటాను. వినడంలో పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

ఇక నా సంగతి. రాయడం నేర్చుకున్నాక ఒక విషయం అర్థమైంది. రాయడంలో రాసే పని చాలా తక్కువ. మిగతాదంతా కిటికీలోంచి చూడటమే. మా కిటికీకి ఎదురుగా ఒక గోడ, గోడ వెనక నీళ్ల ట్యాంకు, ట్యాంకు మీద అప్పుడప్పుడు ఒక కాకి. ఆ కాకిని చూస్తూ కూర్చుంటే వాక్యం దానంతటదే వస్తుంది. రాకపోతే ఇంకో కాకి కోసం చూడాలి.

ఇది బయటివాళ్లకి ఎలా ఉంటుందో చెప్పనా? ముసలావిడ నోరు కొంచెం తెరిచి గోడకేసి చూస్తోంది. అంతే. మొదట్లో మా అమ్మాయి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. పక్కింటావిడ "పాపం, ఆయన గుర్తొచ్చుంటారు" అని కళ్లొత్తుకునేది. నేనేమో అక్కడ ఒక మాట కోసం దేవులాడుతూ ఉండేదాన్ని. మా అల్లుడు మంచివాడు, వ్యాను డ్రైవరు. ఆయన "అత్తయ్యా, ఖాళీగానే ఉన్నారుగా, కాస్త ఇది పట్టుకోండి" అని చేతిలో స్క్రూడ్రైవరు పెట్టేవాడు. పక్కింటావిడ తన పాపని ఒళ్లో వేసి దుకాణానికి పోయేది. ఒకరోజు చూసుకుంటే నా ఒళ్లో పాప, చేతిలో స్క్రూడ్రైవరు, భుజం మీద ఆరేయాల్సిన దుప్పటి. వాక్యం మాత్రం లేదు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఒక చేట తెచ్చుకుని, అందులో రెండు దోసిళ్ల పప్పు పోసుకుని, రాళ్లేరుతున్నట్టు వేళ్లు కదుపుతూ కాకిని చూడటం మొదలెట్టాను. ఆ రోజు నుంచి నన్ను కదిలించినవాళ్లు లేరు. "ఆవిడకి క్షణం తీరిక ఉండదండీ" అంటారు. వేళ్లు కదులుతున్నాయి, ఇంకేం కావాలి? నాకున్న భయమల్లా రాళ్లు అయిపోతాయేమోనని. అందుకని ఏరిన రాళ్లు సాయంత్రం మళ్లీ కలిపేస్తాను. అదే పప్పు, అవే రాళ్లు. అందులో ఒక నల్లరాయిని నేను కళ్లు మూసుకుని కూడా గుర్తుపడతాను.

ఈ క్వార్టర్లలో అందరూ నన్ను చేటమ్మ అంటారు. ఎంత పనిమంతురాలి పేరో చూడండి. కిటికీ అమ్మ అని ఉంటే పరువుండేదా?

క్వార్టర్లు అన్నాను కదా, అవి కుక్కల శిక్షణ కేంద్రానివి. ఇళ్లు కూలినప్పుడు మట్టి కింద చిక్కుకున్న మనుషుల్ని వాసన పట్టి కనిపెట్టే కుక్కలు. మా అమ్మాయి వాటికి శిక్షకురాలు. అల్లుడు వాటిని ఎక్కించుకుపోయే వ్యాను నడుపుతాడు. మా కిటికీలోంచి కాస్త తల పక్కకి తిప్పితే వాళ్ల మైదానం కనిపిస్తుంది. విరిగిన సిమెంటు తూములు, ఇటుకల గుట్టలు, గోడల్లేకుండా నిలబడ్డ గుమ్మాలు.

శిక్షణ ఎలా ఉంటుందంటే, ఒకరు తూములో దాక్కుంటారు. చేతిలో ముడివేసిన పాత తువ్వాలు ఉంటుంది. కుక్క వాసన పట్టి వచ్చి మొరగగానే తువ్వాలు బయటికొస్తుంది. ఇక ఆ కొస కుక్క, ఈ కొస మనిషి, లాగుడే లాగుడు. మనుషుల్ని కాపాడుతున్నానన్న సంగతి కుక్కకి తెలీదు. మట్టి కింద ఎవరో తువ్వాలు పట్టుకుని తనతో ఆడటానికి దాక్కున్నారు, వాళ్లని పట్టుకోవాలి. దానికి తెలిసిన వేదాంతం అంతే.

ఈ ఆటలో అందరికంటే ఆరితేరింది తిక్క. ఆడకుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. దానికి పూర్తిగా ఎదురు, జడ్జిగారు అని అందరూ పిలిచే మగకుక్క. వేలాడే బుగ్గలు, ఎర్రటి కళ్లు, లోకంలోని కేసులన్నీ తన ముందే పెండింగులో ఉన్నట్టు ముఖం. కూర్చోమంటే కూర్చుంటారు. లెమ్మన్నా కూర్చునే ఉంటారు. ఇంతవరకు ఎవరినీ కనిపెట్టలేదు. ఒకసారి తూములో దాక్కున్న మనిషి విసిగిపోయి తనే బయటికొచ్చి, పక్క తూములో నిద్రపోతున్న జడ్జిగారిని కనిపెట్టాడు.

ఈమధ్య ఈ కేంద్రానికి కొత్త పెద్దసారు వచ్చారు. ఇస్త్రీ చేసిన మనిషి. నేనంటున్నది చొక్కా సంగతి కాదు. వచ్చిన రోజే మైదానంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను చేటతో మెట్ల మీద ఉన్నాను కాబట్టి, చేట ఉన్న మనిషికి చెవులుంటాయని ఎవరూ అనుకోరు కాబట్టి, అంతా విన్నాను.

"ఆ కుక్క ఎందుకు నవ్వుతోంది?"

"దాని మూతే అంత సార్" అంది మా అమ్మాయి.

"మీరెందుకు తువ్వాలు లాగుతున్నారు?"

"శిక్షణ సార్. మనిషి దొరికితే ఆట దొరుకుతుందని దానికి అలవాటు చేస్తాం. ఆట లేకపోతే అది వెతకదు."

"అంటే పనివేళల్లో ఆడుకుంటున్నారు."

"పనే సార్ ఇది. దానిక్కూడా."

"పని చేసేవాళ్లు ఇలా ఉంటారా ఎక్కడైనా?" అని ఆయన జడ్జిగారి వైపు వేలు చూపించారు. "అదిగో, బాధ్యతంటే అలా ఉండాలి. ఇల్లు కూలి జనం ఏడుస్తుంటే తోకూపుకుంటూ పోతుందా ఇది? చూసేవాళ్లు ఏమనుకుంటారమ్మా?"

జడ్జిగారు ఆవలించారు. అది కూడా బాధ్యతగానే కనిపించింది.

అక్కడికక్కడే తీర్పు అయిపోయింది. తువ్వాళ్లు బంద్. తిక్క పద్ధతి మారాలి. సోమవారం తన గదికి పిలిపించి స్వయంగా చూస్తారు. మారకపోతే జట్టులోంచి తీసేసి ఊరి బయట సిమెంటు గోడౌనుకి కాపలాగా పంపించేస్తారు.

గోడౌను కాపలా అంటే గొలుసు. మా అమ్మాయి ఆ రోజు కంచం ముందు కూర్చున్నట్టే కూర్చుని లేచిపోయింది.

"గొలుసేస్తే చచ్చిపోదులే అమ్మా, బతుకుతుంది" అంది చేయి కడుక్కుంటూ. "కానీ మళ్లీ ఎవర్నీ వెతకదు."

శనివారం మేస్త్రీ వచ్చాడు. ఈ తాపీమేస్త్రీ గురించి మీకు చెప్పాలి. కిందటి వానల్లో ఒక పాత మేడ గోడ కూలి ఆయన దాని కింద ఉండిపోయాడు. పైనుంచి ఎంత అరిచినా పలకలేదు. నోటినిండా సున్నం. అందరూ ఆశ వదిలేసుకుంటుంటే తిక్క ఒక సందులోకి మూతి దూర్చింది. ఆ తర్వాత జరిగింది ఆయన నోటితో వింటేనే బాగుంటుంది.

"చస్తున్నా పెద్దమ్మా. వెలుతురు కనపడితే దేవుడొచ్చాడనుకున్నా. చూస్తే కుక్క. సాయానికొచ్చిందేమో అనుకుంటే, ఆడుకుందాం రా అంటోంది నన్ను. నా తలగుడ్డ కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది. కొత్త తువ్వాలు పెద్దమ్మా అది. నాకు ఒళ్లు మండింది. ఈ చేత్తో పట్టుకున్నా, వదల్లేదు."

ఆయన వదల్లేదు కాబట్టి తువ్వాలు బిగిసింది. తువ్వాలు బిగిసింది కాబట్టి అవతల కొసన ఉన్న చెయ్యి బతికుందని మా అమ్మాయికి తెలిసింది. అప్పటి నుంచి పని లేని రోజు వచ్చి, అదే తువ్వాలుతో తిక్కతో కాసేపు కుస్తీ పట్టి పోతుంటాడు.

గోడౌను సంగతి విని మేస్త్రీ "నేను చెబుతా ఆయనకి" అని బయల్దేరాడు. తల దువ్వుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. అక్కడే చెడింది.

పెద్దసారు ఆయన్ని పైనుంచి కిందకి చూశారు. "గోడ కింద పడ్డది మీరేనా?"

"నేనేనండి."

"బాగానే ఉన్నారే."

"ఇది బయటికి తీసింది కాబట్టి బాగున్నానండి."

"మరి నవ్వుతూ చెబుతున్నారేంటి?"

మేస్త్రీ ఇంకొంచెం నవ్వాడు. బాధితుడు బాధితుడిలా లేడు. సాక్ష్యం చెల్లలేదు. ఒక కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్లమని నేను ముందే చెప్పాను. "ఉన్నమాట చెప్పడానికి కుంటడం దేనికి పెద్దమ్మా" అన్నాడు. చదువుకోనివాళ్లతో ఇదే చిక్కు.

మేస్త్రీ ముఖం వేలాడేసుకుని మా ఇంటికొచ్చి, తువ్వాలు మా బీరువా మీద పడేసి, మంచినీళ్లు తాగి పోయాడు. ఆ ముఖమేదో గంట ముందు పెట్టుకుని ఉంటే పనయ్యేది.

నేను కిటికీ దగ్గర కాకిని చూస్తున్నాను. గదిలో మరీ నిశ్శబ్దంగా ఉందేమిటా అని తిరిగి చూస్తే, మా అమ్మాయి వెంట వచ్చిన తిక్క. బీరువాకి ఎదురుగా, వెన్ను నిటారుగా పెట్టి, వాలే చెవి కూడా నిలబెట్టి, నోరు మూసి, రెప్ప వేయకుండా పైకి చూస్తోంది. ఏ సంతాపసభలోనూ అంత గంభీరమైన ముఖం నేను చూడలేదు. పైన తువ్వాలు కొస వేలాడుతోంది.

అది ఆట కోసం ఆగి ఉన్న ముఖం. నాకా ముఖం బాగా తెలుసు. వాక్యం కోసం ఆగినప్పుడు నాదీ అలాగే ఉంటుందట.

సోమవారం పొద్దున నేను చేట పట్టుకుని ఆఫీసులోకి నడిచాను. చేట ఉన్న ముసలమ్మని ఏ ప్యూనూ ఆపడు. పెద్దసారు ఇంకా రాలేదు. ఆయన కుర్చీ వెనక మనిషెత్తు బీరువా, దాని మీద ఒక గ్లోబు. చేటలో పప్పు కింద దాచి తెచ్చిన తువ్వాలుని చెయ్యి చాచి గ్లోబు వెనక పెట్టాను. కొస మాత్రం కనిపించేలా వదిలాను. వచ్చి వరండాలో కూర్చుని రాళ్లేరుకోసాగాను.

సారు వచ్చి కూర్చున్నాక తిక్కని తీసుకొచ్చారు. గుమ్మంలో దాని ముక్కు ఒక్కసారి ఆడింది. అంతే, కుర్చీకి ఎదురుగా వెళ్లి కూర్చుంది. కదిలితే ఒట్టు. సారు కావాలని పెన్ను కింద పడేశారు. చూపు తిప్పలేదు. గట్టిగా దగ్గారు. తిప్పలేదు.

"ఇది నన్నే చూస్తోందే" అన్నారు సారు. గొంతు కొంచెం మెత్తబడింది.

"అవును సార్" అంది మా అమ్మాయి. తనకీ ఏమీ అర్థం కాలేదు పాపం.

"ఎంత భక్తి చూడు కళ్లలో. మన స్టాఫులో ఒక్కరన్నా నన్నిలా చూశారా?"

తిక్క నోట్లోంచి ఒక చుక్క లాలాజలం కార్పెట్ మీద పడింది. ఆయన దాన్ని కన్నీటిబొట్టుతో సమానంగా తీసుకున్నారు. అదే సమయంలో, తిక్కకి ఆదర్శంగా ఉంటుందని సారు ముందే పిలిపించి మూలన కూర్చోబెట్టిన జడ్జిగారు గుర్రు పెట్టారు. "పాపం, బాగా అలసిపోయాడు" అన్నారు సారు.

తిక్క ఉద్యోగం నిలిచింది. "ఏం చేశావమ్మా?" అని అడిగింది మా అమ్మాయి ఇంటికొచ్చి.

"పప్పు ఏరాను" అన్నాను.

చూశారా, వేషం ఎంత మేలు చేసిందో! ఆ తర్వాత అందరం సుఖంగా ఉన్నాం. తువ్వాలు గ్లోబు వెనకే ఉండిపోయింది. పెద్దసారుని చూడటానికి ఎవరొచ్చినా తిక్కని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి, దాని క్రమశిక్షణ చూపించేవారు. అసలు శిక్షణ మా క్వార్టర్ల వెనక, నీళ్ల ట్యాంకు చాటున, మేస్త్రీ తెచ్చిన ఇంకో తువ్వాలుతో గుట్టుగా జరిగిపోయేది. నటన ఆఫీసులో, పని దొంగచాటుగా. తిక్కకి రెండు ఉద్యోగాలు, నాకూ రెండు ఉద్యోగాలు. ఒకటి చేసేది, ఒకటి చేస్తున్నట్టు కనిపించేది. రెండోదే ఎక్కువ అలుపు, అంతే తేడా.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం ముచ్చటగా ఉండేది. ఆపుదామనే అనుకున్నాను. కిందటి వారం ఫోనొచ్చింది.

మార్కెట్టు వెనక రేకుల షెడ్డు కూలింది. వాచ్‌మన్ తాత లోపల ఉండిపోయాడు. అల్లుడు వ్యాను స్టార్ట్ చేసి హారను కొడుతున్నాడు. తిక్క ఎక్కడుంది? సారు గదిలో, పై ఆఫీసు నుంచి వచ్చిన అతిథుల ముందు గంభీరంగా కూర్చుంది. మా అమ్మాయి పరుగున వెళ్లి "సార్, వెళ్లాలి, మనిషి లోపలున్నాడు" అంది.

"ఒక్క నిమిషం. ఫొటో" అన్నారు సారు.

ఆ నిమిషంలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఒకాయన ఇంకొకాయన్ని కొంచెం జరగమన్నారు. కుక్క తల కెమెరా వైపు తిప్పమన్నారు. తిప్పితే తిరిగేదా? బీరువా అటుంది. హారను మోగుతూనే ఉంది. నేను వరండాలో ఉన్నాను. వేళ్లు పప్పులో ఉన్నాయి. నా నల్లరాయి కూడా చేతికి తగల్లేదు.

లేచాను. చేట అక్కడే వదిలేశాను. లోపలికెళ్లి, అతిథుల మధ్యనుంచి, సారు కుర్చీ పక్కనుంచి, గ్లోబు వెనక చెయ్యి పెట్టి తువ్వాలు లాగాను. గ్లోబు దొర్లి సారు ఒళ్లో పడింది. తువ్వాలు పైకెత్తి పట్టుకుని వ్యాను వైపు నడిచాను. పరిగెత్తానని అల్లుడంటాడు. తిక్క టేబులు మీదుగా దూకి నా వెనకే వచ్చింది. ఆ ఫొటోలో గ్లోబు పట్టుకున్న సారు, ఒక తోక ఉన్నాయట.

షెడ్డు దగ్గరికి చేరగానే తిక్క ఒక్క ఊపులో రేకుల మధ్య దూరి తాతని కనిపెట్టింది. తోకూపుతూనే. కాలు విరిగింది గానీ మనిషి దక్కాడు. స్ట్రెచర్ మీద పడుకుని "ఇంతసేపు ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాడట.

"సీరియస్‌గా ఉన్నాం తాతా" అందట మా అమ్మాయి.

నేను వరండాలో వదిలేసిన పప్పుని పక్కింటావిడ భద్రంగా ఇంటికి చేర్చింది. ఇన్నాళ్లు ఏరిన పప్పు కదా అని మా అమ్మాయి అదే వండేసింది. అల్లుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఠక్కుమంది.

"నెలల తరబడి ఏరారు కదా అత్తయ్యా?" అన్నాడు చెంప పట్టుకుని.

"ఏరుతూ కనిపించాను నాయనా" అన్నాను.

నల్లరాయే. చూడగానే గుర్తుపట్టాను.

చేట ఇప్పుడు మేకుకి తగిలించి ఉంది. నేను కిటికీ దగ్గర చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుని ఇది రాశాను. మధ్యలో అల్లుడు స్క్రూడ్రైవరుతో వచ్చాడు. "పని చేస్తున్నాను" అన్నాను. ఆయన వంగి కిటికీలోంచి చూశాడు. కాకి కూడా లేదు అప్పుడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫొటో పాడైందని పెద్దసారు తిక్కని మళ్లీ వచ్చే నెల మొదటి సోమవారానికి రమ్మన్నారు. ఈసారి గ్లోబు వెనక ఏమీ ఉండదు. తువ్వాలు నా దగ్గరుంది. తిక్క దాని మామూలు మూతితోనే వస్తుంది. ఈ పత్రిక ఆయన టేబులు మీదికి వస్తుందని నాకు తెలుసు. ప్రతి వారం తెరిచి పట్టుకుని చదువుతున్నట్టే ఉంటారు. నిజంగా చదువుతారో లేదో సోమవారం తేలిపోతుంది.

చదివి ఉంటే సారూ, దాన్ని కూర్చోబెట్టకండి. వరండాలో నేనుంటాను, తువ్వాలు తెస్తాను. ఒక కొస మీరు పట్టుకుని చూడండి. గట్టిగా పట్టుకోవాలి, వదలకూడదు.

చేటమ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
కుక్కల శిక్షణ కేంద్రం వెనక చివరి క్వార్టరు, కిటికీ పక్కన.